నేల మాస్టారి కేక

కేక నోట్లోంచి బయటపడ్డాక, దాన్ని వెనక్కి మింగేద్దామన్నట్టు నేల మాస్టారు గబుక్కున నోరు మూసుకున్నారు. అప్పటికే తుపాకీ పేలింది.

గురువారం, పట్టపగలు పదకొండు గంటలు. నీళ్ళ ఆఫీసు గేటు ముందు మూడొందల మంది జనం, చేతుల్లో ఖాళీ బకెట్లు. తొమ్మిది రోజులుగా ఆ పేటలో కుళాయి తిప్పితే గాలి తప్ప ఇంకేం రావడం లేదు. పదో రోజు వచ్చిన ఒకే ఒక్క ట్యాంకరు జనం మధ్యలో ఇరుక్కుపోయింది. ఎర్రచొక్కా మనిషొకడు గడ్డపారతో గేటు తాళం మీద బాదుతున్నాడు. వెనకనుంచి రాళ్ళు పడుతున్నాయి. ఇన్‌స్పెక్టరు ఓపిక పట్టి పట్టి, చివరికి ఒక రాయి తన హెల్మెట్‌కి ఠంగుమని తగిలాక, “ఒక్క రౌండు. ఆ గడ్డపార వాడికి, కాళ్ళకి” అన్నాడు.

ముందు వరసలో మోకాలి మీద కూర్చున్న కానిస్టేబులు పిల్ల తుపాకీ భుజానికి ఆనించింది. ఆ పిల్లని డిపార్ట్‌మెంట్‌లో అందరూ ‘గురి’ అంటారు. మూడేళ్ళుగా పోటీల్లో మొదటి బహుమతి ఇంకొకళ్ళకి పోనివ్వలేదు. గొట్టం ఎర్రచొక్కా వాడి తొడల దగ్గర నిలబడింది. ఇక వేలు కదలడమే తరువాయి.

సరిగ్గా అప్పుడు, ఆమెకి ఒక్క అడుగు వెనక నిలబడ్డ మాస్టారి గొంతు దానంతట అదే లేచింది.

“నేలకి!”

గొట్టం వంగింది. పేలింది. తూటా సిమెంటు రోడ్డుకి కొట్టుకుని, పక్కకి తిరిగి, ట్యాంకరు ముందు చక్రం దగ్గర వంగి కూర్చున్న డ్రైవరు ముఖానికి తగిలింది. డ్రైవరు అరవలేదు. ఏదో పడిపోతే వెతుక్కుంటున్నవాడిలా చేత్తో రోడ్డు తడుముకున్నాడు.

మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. గొడవల్లో జనాన్ని చెదరగొట్టే రబ్బరు తూటాల తుపాకీని ఇరవై రెండేళ్ళుగా అందరికీ నేర్పిస్తున్నది ఆయనే. రబ్బరు తూటాకి ఒకటే పద్ధతి. మనిషి మీదికి కాల్చకూడదు, అతని ముందున్న నేలకి కొట్టాలి. అక్కడ సగం జోరు పోగొట్టుకుని, ఎగిరి పిక్కలకి తగులుతుంది. మనిషి కుంటుకుంటూ ఇంటికి పోతాడు. అందుకే గ్రౌండ్‌లో మాస్టారు “నేలకి!” అని అరిస్తే గొట్టాలన్నీ ఒక్కసారి వంగాలి. ఆలోచించి వంచినవాడు కూడా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తాల్సిందే. భోజనాల దగ్గర ఎవరైనా వెనకనుంచి “నేలకి!” అంటే చేతిలో ముద్ద కూడా కంచంలో పడిపోతుందని కుర్రాళ్ళు జోకులేసుకునేవారు.

ఎనిమిది నెలల కింద వాటి బదులు కొత్త ప్లాస్టిక్ తూటాలు వచ్చాయి. పెట్టెలో వచ్చిన కాగితాన్ని మాస్టారు మూడుసార్లు చదివారు. నేలకి కాల్చరాదు. గట్టి నేల మీద పడితే తూటా ఎటు లేస్తుందో చెప్పలేము. ముప్పై గజాలకి తగ్గకుండా, నేరుగా నడుము కింది భాగానికి కాల్చాలి. పాత పాఠాన్ని బోర్లించినట్టుంది. మాస్టారు కొత్త కేక కూడా కనిపెట్టారు, “నడుం కింద!” అని. పై ఆఫీసు ఇచ్చింది ఒక్క పూట. ఆ ఒక్క పూటలో అరవై మందికి నేర్పి, అందరి చేతా సంతకాలు పెట్టించి, రిజిస్టరు పైకి పంపేశారు. ఇంకో నాలుగు రోజులు కావాలని అడుగుదామనుకున్నారు. రేపడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఊరుకున్నారు.

అరవై మంది నేర్చుకున్నారు. నేర్పిన మనిషి నేర్చుకోలేదు.

శనివారం ఉదయం ఇన్‌స్పెక్టరు తన గదిలోకి పిలిచి, బల్ల మీది కంప్యూటర్ తెరని మాస్టారి వైపు తిప్పాడు.

“చూడండి మాస్టారూ. నీళ్ళ ఆఫీసు కెమెరా. ఇదిగో, గొట్టం ఎర్రచొక్కా వాడి మీదుంది. ఇదిగో కదిలింది. కాలింది. డ్రైవరు కుడి కన్ను పోయింది.”

ఆ ఎత్తు నుంచి చూస్తుంటే గొట్టం వంగినట్టు లేదు. ఎర్రచొక్కా వాణ్ణి వదిలేసి డ్రైవరు వైపు తిరిగినట్టే ఉంది.

“శబ్దం లేదా?” అన్నారు మాస్టారు.

“గోడ కెమెరా అది. పాటలు కూడా పెట్టమంటారా?” ఇన్‌స్పెక్టరు తన జోక్‌కి తనే నవ్వుకుని, వెంటనే ముఖం ముడుచుకున్నాడు. “ఇంకెవరైనా అయితే గురి తప్పిందంటే సరిపోయేది. ఈ పిల్లకి మూడు పతకాలు. ఈ పిల్ల తూటా కంటికి తగిలిందంటే, కంటికే కొట్టిందంటారు. పేపర్లవాళ్ళు అప్పుడే మొదలెట్టారు. ఆవిడేమో ‘నా చెయ్యి వంగింది’ అని మూడు ముక్కలు రాసిచ్చి కూర్చుంది. నోట్లో ఇంకో మాట లేదు.”

“మీకు అక్కడ... ఏమైనా వినపడిందా?”

“ఏం వినపడుతుంది? మనవాళ్ళు డాళ్ళ మీద కర్రలతో వాయిస్తున్నారు. నా నెత్తిన రాయి పడ్డాక ఇప్పటికీ చెవిలో కీచుమంటోంది. ఎందుకు?”

“ఊరికే.”

ఇన్‌స్పెక్టరు ఒక కాగితం ముందుకి తోశాడు. సదరు కానిస్టేబులుకు కొత్త పద్ధతిలో శిక్షణ ఇవ్వబడినది, నేలకు గానీ ముఖానికి గానీ కాల్చరాదని ఆమెకు తెలుసు అని అందులో ఉంది.

“ఇందులో అబద్ధం ఏదైనా ఉందా?”

లేదు. ప్రతి మాటా నిజమే. చిక్కంతా అక్కడే.

“సోమవారం పదింటికి విచారణ. ఈ కాగితం ఉంటే తప్పు ఆ పిల్లది. ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. లేకపోతే శిక్షణ సరిగ్గా లేదంటారు, తూటాలు ఎందుకు కొన్నారంటారు, అది ఎక్కడిదాకా పాకుతుందో నాకే తెలీదు. మీరు నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. ఎందుకొచ్చిన తలనొప్పి చెప్పండి.”

మాస్టారు సంతకం పెట్టారు. రోజూ రిజిస్టరులో పెట్టినంత తేలిగ్గా పెట్టారు. అందుకు ఆ తర్వాత చాలా రోజులు ఆయన తనని తాను అసహ్యించుకున్నారు.

“మంచిది. రేపోసారి ఆస్పత్రికి వెళ్ళి డ్రైవరుని పలకరించండి. గొట్టం తన వైపు తిరగడం చూశాడేమో కనుక్కోండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు కూర్చుంటే భార్య ఎదురుగా నిలబడి వింతగా చూసింది.

“ఏమైంది మీకు? కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మీరేమో మాట్లాడకుండా లాగించేస్తున్నారు.”

“బాగానే ఉంది.”

“ముప్పై ఏళ్ళలో మీరు బాగుందన్న కూర ఇదొక్కటేనన్నమాట. తెలిస్తే మొదటినుంచీ ఉప్పు డబ్బా దాచేసేదాన్ని.” నవ్వుతుందేమోనని చూసి, ఆయన నవ్వకపోయేసరికి పక్కన కూర్చుంది. “గురి సంగతేనా? మనింటికొస్తే ఇంకొంచెం అన్నం పెట్టమ్మా అని చొరవగా అడుగుతుంది. అది కావాలని ఒకరి కన్ను తీసే పిల్ల కాదండీ.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే వెళ్ళి చెప్పండి మరి. మీ మాట కాదనేవాళ్ళెవరు?”

మాస్టారు చెయ్యి కడుక్కోవడానికి లేచారు. కుళాయి ధారగా వస్తోంది. ఆ నీళ్ళ కింద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

కళ్ళ వార్డు రెండో అంతస్తులో ఉంది. ఆదివారం మధ్యాహ్నం మాస్టారు వెళ్ళేసరికి డ్రైవరు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. సగం ముఖం కట్లలో ఉంది. అతని అక్క పండు తొక్క తీస్తోంది. పోలీసు అని తెలియగానే ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది గానీ, డ్రైవరు మాత్రం స్టూలు చూపించాడు.

“కూర్చోండి సార్. మీరున్న వైపుకి నేనే తిరగాలి, ఏమనుకోకండి. ఈ పక్క దుకాణం మూసేశారు.”

“మూసుకోరా, అన్నింటికీ నవ్వులాటే” అంది అక్క.

“ఏడిస్తే డాక్టరు తిడుతున్నాడక్కా. కట్టు తడుస్తుందట.” డ్రైవరు మాస్టారి వైపు తిరిగాడు. “పదిహేడేళ్ళు పెద్ద బండి నడిపాను సార్. ఒంటికన్నుతో ఇక లైసెన్సు ఇవ్వరు. సరే, దాని సంగతి తర్వాత. నాకొక్క సాయం చెయ్యాలి మీరు.”

“చెప్పండి.”

“ఆ రోజు నేను ట్యాంకరు దిగి, వరసలో నిలబడండమ్మా, అందరికీ పోస్తానని బతిమాలుతున్నాను. ఇటు తిరిగేసరికి మీవాళ్ళు తుపాకీ ఎత్తారు. పదిహేను గజాలుంటుందేమో. కాళ్ళు బిగుసుకుపోయాయి. అప్పుడు మీవాళ్ళలోంచి ఎవరో అరిచారు సార్, ‘నేలకి!’ అని. ఖంగుమంది గొంతు. ఎవరో మహానుభావుడు నన్ను నేలకి వంగమంటున్నాడని ఠక్కున కూలబడిపోయాను. తల దించేశాను కాబట్టి ఇంకేం చూడలేదు. వంగాను కాబట్టి కంటితో పోయింది. నిలబడి ఉంటే గుండెల్లో దిగేది కదా!”

మాస్టారి చేతులు స్టూలు అంచుని పట్టుకున్నాయి.

“ఆయనెవరో కనుక్కోండి సార్” అంది అక్క. ఆమె గొంతు మెత్తబడింది. “అంతమందిలో మావాడి ప్రాణం గురించి ఆలోచించినవాడు ఒక్కడున్నాడు. ఒక్కసారి ఎదురుగా చూస్తే చాలు.”

“కనుక్కుంటాను” అన్నారు మాస్టారు. గొంతు తనది కానట్టుంది. అరిచిన మనిషి ఈయనేనని డ్రైవరు పోల్చుకోలేకపోయాడు.

ఒకే మాట. రెండు చెవుల్లో పడింది. తుపాకీ పట్టిన చెవికి గొట్టం దించమని వినపడింది. ఒట్టి చేతులతో నిలబడ్డ చెవికి తల దించమని వినపడింది. ఇద్దరూ చెప్పినట్టే చేశారు.

మెట్లు దిగుతుంటే మధ్య మలుపులో, గోడకి ఆనుకుని గురి కూర్చుని ఉంది. మామూలు బట్టల్లో ఇంకా చిన్నపిల్లలా ఉంది. మాస్టారిని చూసి లేవబోయింది.

“కూర్చో అమ్మాయ్. ఇక్కడేం చేస్తున్నావు?”

“మూడు రోజులుగా వస్తున్నాను మాస్టారూ. తలుపు దాకా వెళ్తాను, మళ్ళీ దిగొచ్చేస్తాను. కింద వాచ్‌మన్ నాకు డాక్టరు మెట్లెక్కే ఎక్సర్‌సైజ్ రాశాడనుకుంటున్నాడు.”

మాస్టారు ఆమె పక్కన మెట్టు మీద కూలబడ్డారు. “నువ్వు విన్నావు కదా?”

“విన్నాను.”

“మరి కాగితంలో ఎందుకు రాయలేదు?”

“కాల్చింది నేను. కొత్త పద్ధతి నేర్చుకున్నానని సంతకం పెట్టిందీ నేనే. ఇప్పుడు మాస్టారు అరిచారని రాస్తే, తప్పు గురువు నెత్తిన రుద్దిందంటారు. పైగా అది సాకులా ఉంటుంది. పసిపిల్లలు చెప్పే సాకు.”

“నీ ఉద్యోగం పోతుంది.”

“తెలుసు.” ఆమె తన కుడిచేతిని ఎవరిదో చూసినట్టు చూసుకుంది. “ఒకటి అడగనా మాస్టారూ? ఆ క్షణంలో నేను ఆలోచించలేదు. మీ మాట వినపడింది, చెయ్యి వెళ్ళిపోయింది. అంతే. మరి నేనెక్కడికి పోయాను అప్పుడు?”

మాస్టారు కూడా ఆ చేతికేసి చూశారు. ఆ ‘నేను’ అడ్డు రాకూడదనే కదా, ఇరవై రెండేళ్ళుగా అందర్నీ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించింది.

సోమవారం పదింటికి విచారణ గదిలో పొడవాటి బల్ల వెనక పై ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్ కూర్చుంది. ఒక పక్క ఇన్‌స్పెక్టరు, గోడ దగ్గర గురి. మేడమ్ మాస్టారి కాగితం చదివి, “ఇది మీ సంతకమేనా?” అంది.

“నాదే మేడమ్. వెనక్కి తీసుకుంటున్నాను.”

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకి జరిగాడు.

మాస్టారు అంతా చెప్పారు. పాత తూటా, కొత్త తూటా, ఒక్క పూట శిక్షణ, తన కేక, డ్రైవరు విన్నది. నీళ్ళు నమలలేదు.

“శిష్యురాలి కోసం తల ఒగ్గుతున్నారు మేడమ్” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “పెద్దాయన, జాలిగుండె. డ్రైవరంటారా, కన్ను పోయినవాడికి ఆ కంగారులో ఏం వినపడిందో ఎవరికి తెలుసు?”

“మాస్టారు అబద్ధం చెబుతున్నారు మేడమ్” అంది గురి ఉన్నట్టుండి. “నేను ఏ కేకా వినలేదు.”

మాస్టారు ఆమె వైపు చూశారు. ఆమె గోడ వైపు చూస్తోంది.

మేడమ్ కళ్ళజోడు తీసింది. “మీరు అరిచారనే అనుకుందాం. ఇంత గురి ఉన్న మనిషి, కొత్త పద్ధతి తెలిసిన మనిషి, ఒక్క మాటకి గొట్టం దించేస్తుందంటే నన్ను నమ్మమంటారా?”

“వద్దు మేడమ్, నమ్మకండి. గ్రౌండ్‌కి రండి. పది నిమిషాలు చాలు.”

పదిమంది కానిస్టేబుళ్ళు ఖాళీ తుపాకులతో వరసగా మోకాలి మీద కూర్చున్నారు. ముప్పై గజాల దూరంలో మనిషి ఆకారంలో కోసిన పది చెక్కలు. ఎందుకు పిలిచారో వాళ్ళకి తెలీదు. మాస్టారు పక్కన నిలబడి “నడుం కింద!” అన్నారు. పది గొట్టాలూ చెక్కల నడుముల కింద నిలిచాయి. మళ్ళీ అన్నారు. మళ్ళీ. పదిసార్లు అంటే పదిసార్లూ వాళ్ళు తప్పు లేకుండా చేశారు.

“బాగానే నేర్పారుగా” అంది మేడమ్, వాచీ చూసుకుంటూ.

మాస్టారు నెమ్మదిగా వరస వెనక్కి నడిచారు. ఊపిరి పీల్చుకున్నారు. ఈసారి ఆ మాట దానంతట అది రాలేదు. లోపలినుంచి పెకలించాల్సి వచ్చింది.

“నేలకి!”

తొమ్మిది గొట్టాలు ఒక్క చప్పుడుతో వంగాయి.

మాస్టారు ఏదో తమాషా చేస్తున్నారనుకుని ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసి ఆపేశారు. వంగకుండా నిలిచిన పదో గొట్టం దగ్గరికి మేడమ్ వెళ్ళింది.

“నువ్వెందుకు దించలేదు?”

“దేనికి మేడమ్?” అన్నాడు ఆ కుర్రవాడు అయోమయంగా. “నేను పోయిన నెలే చేరాను. నాకు నడుం కింద ఒక్కటే తెలుసు.”

ఇన్‌స్పెక్టరు నేల చూపులు చూస్తూ బూటుతో మట్టి గీకాడు. మేడమ్ వంగి ఉన్న తొమ్మిది గొట్టాలనీ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత గురి వైపు తిరిగి, మామూలు గొంతుతో, “ఇప్పుడు చెప్పమ్మా. విన్నావా, లేదా?” అంది.

గురి తల ఊపింది. అప్పుడు ఏడ్చింది, మూడు రోజులుగా ఎక్కి దిగిన మెట్లన్నిటికీ కలిపి.

సాయంత్రంలోపే గురి మీద కేసు లేదని కాగితం వచ్చింది, మాస్టారి సస్పెన్షన్ కాగితంతో పాటు. మిగిలిన ప్లాస్టిక్ తూటాలకి సీలు వేశారు. గురి వైర్‌లెస్ గదికి బదిలీ అడిగింది. “ఏ మాటైనా సరే, విని, రాసుకుని, ఆ తర్వాత కదిలే పని కావాలి మాస్టారూ” అంది. ఆయన బాగుందన్నారు. అంతకన్నా ఏమీ అనలేకపోయారు. ఆయన చేతుల మీదుగా తయారైనవాళ్ళలో అంతటి గురి ఇంకొకరికి లేదు.

ఆఫీసు నుంచి మాస్టారు ఇంటికి పోకుండా తిన్నగా ఆస్పత్రికి వెళ్ళారు. ఇంకా ఎండ ఉంది. కిటికీ పక్క మంచం దగ్గర డ్రైవరు తన అక్క చేతి మీద చెయ్యి వేసుకుని నిలబడడం, తిరగడం నేర్చుకుంటున్నాడు.

“దొరికాడా సార్ ఆయన?” అంది అక్క, చూడగానే.

“దొరికాడు. నేనే.”

ఆమె ముఖం వెలిగిపోయింది. గబగబా స్టూలు లాగి, కొంగుతో తుడిచింది. “నిన్న చెప్పనేలేదే! కూర్చోండి, కూర్చోండి.”

మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఆ మాటకి అర్థమేమిటో, అది ఎవరికి వేసిన కేకో, ఎందుకు వెయ్యకూడదో. డ్రైవరు అడ్డు తగలకుండా విన్నాడు.

“అంటే ఆ మాట నాకోసం కాదు.”

“కాదు.”

“నేను వంగకపోతే?”

అబద్ధం చెప్పడానికి వీలైన చోటు అదొక్కటే. మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు. “నడుముకో తొడకో తగిలేది. నల్లగా కమిలి, కొన్నాళ్ళకి తగ్గిపోయేది.”

వరండాలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు. డ్రైవరు మంచం మీద కూర్చున్నాడు.

“నాలుగు రోజులుగా ఆ గొంతే తలుచుకుంటూ పడుకున్నాను సార్. అంత గొడవలో నన్ను మనిషిగా చూసినవాడు ఒకడున్నాడని. దాన్ని కూడా పట్టుకుపోవడానికి వచ్చారా?”

క్షమించమనే మాట మాస్టారి నోటిదాకా వచ్చింది గానీ, అది అడుక్కోవడంలా అనిపించి ఆగిపోయింది.

అక్క స్టూలు తీసి మంచం కిందికి తోసేసింది. “ఇదంతా రాసిస్తారా?” అంది. గొంతులో నిన్నటి మెత్తదనం లేదు. “ట్యాంకరు ఓనరు తప్పు మావాడిదే అంటున్నాడు. బండి దిగి తనే తుపాకీకి ఎదురెళ్ళాడట. కూర్చుని చేసే పని ఏదైనా ఇమ్మంటే ఇవ్వనన్నాడు.”

మాస్టారు కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాశారు. పేజీన్నర అయింది. డ్రైవరు అక్కని చదవనివ్వలేదు. తనే తీసుకుని, ముందు ముఖానికి ఎదురుగా పట్టుకుని, తర్వాత ఎడమ పక్కకి జరుపుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. సగంలో వేలు ఆగింది.

“ఇక్కడ ‘నేలకి అన్నాను’ అని రాశారు.”

“అవును.”

“అనలేదు సార్ మీరు. అరిచారు. అలా రాయండి.”

మాస్టారు కాగితం తీసుకుని ‘అన్నాను’ కొట్టేసి, పైన ‘గట్టిగా అరిచాను’ అని రాసి, కొట్టివేత పక్కన సంతకం పెట్టి ఇచ్చారు. డ్రైవరు దాన్ని మళ్ళీ ఎడమ పక్కకి జరుపుకుని, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు.